చిక్కు చిత్రములు: ప్రతిభయా, ప్రచారమా?

కాలమును ముందువెనుకలు చేసి, కలకును మెలకువకును నడుమనున్న గోడను పడగొట్టి, చివర ఒక్క ముడి విప్పుటతో అంతవరకు చూచినదంతయు తలక్రిందులు చేసి ప్రేక్షకుని బుద్ధికి పరీక్షపెట్టు చలనచిత్రములు ఈ పాతిక సంవత్సరములలో లోకమంతట విస్తరించినవి. అట్టి చిత్రమొకటి వెలువడినప్పుడెల్ల ప్రేక్షకలోకము రెండు పక్షములుగా చీలుటయు పరిపాటియైనది. ఒక పక్షమువారు దానిని మహాప్రతిభకు నిదర్శనమని కీర్తించి, నచ్చలేదన్నవారికి అర్థము చేసికొను శక్తి లేదని తేల్చివేయుదురు. రెండవ పక్షమువారు అందులో సరుకు తక్కువ, బిల్డప్పు ఎక్కువయని త్రోసిపుచ్చి, మెచ్చుకొన్నవారు అర్థము కాకున్నను అయినట్లు నటించుచున్నారని ఆక్షేపింతురు. ఈ వివాదము మహానగరములకే పరిమితమైనది కాదు. నల్లమల వెలికొండల నడుమ, గిద్దలూరికి ఆగ్నేయమున ఉన్న మా కొమరోలులో కూడ, చదువులకును ఉద్యోగములకును హైదరాబాదు, బెంగుళూరులకు పోయి పండుగకు ఇల్లు చేరిన యువకులు టీ అంగళ్లయొద్ద దీనినే గంటలకొలది తర్కించుచుందురు. ఉభయపక్షముల వాదములను, వానికి మన సాహిత్యమునందును లోకసినిమాయందును గల పూర్వాపరములను, తెలుగు చిత్రములలోని ముఖ్యోదాహరణములను పరిశీలించి ఒక నిర్ణయమునకు వచ్చుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొట్టమొదట గమనింపవలసిన లోపమొకటి ఈ వాదమునందు కలదు. ఉభయపక్షములవారును చిత్రమును విడిచి ప్రేక్షకుని పరీక్షించుచున్నారు. ఒకరు అతని మందబుద్ధిని, వేరొకరు అతని ఆడంబరమును నిరూపింప చూచుచుండగా, చిత్రము మాత్రము విచారణకు రాకుండ తప్పించుకొనుచున్నది. నిజమునకు ఇచట మూడు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగమైనవి: ఆ చిత్రము క్లిష్టమైనదా, అది ఉత్తమమైనదా, దానికి లభించిన కీర్తి దానికి తగినదా యని. క్లిష్టమైనదెల్ల ఉత్తమము కాదు, ఉత్తమమైనదెల్ల క్లిష్టము కాదు. ఇక కీర్తియన్నది చిత్రముయొక్క గుణముకంటె దానిని చుట్టుముట్టిన సంఘముయొక్క స్వభావమునే ఎక్కువగా తెలుపును. ఈ మూటిని విడదీసినచో వివాదములో సగము తనంతట తాను శమించును.

ఈ ప్రశ్నలు సినిమాతో పుట్టినవి కావు. రామకథను చెప్పుచునే పాణినీయ వ్యాకరణమునకు ఉదాహరణములను కూర్చిన భట్టి, తన కావ్యము వ్యాఖ్యానముచేతనే తెలియదగినదనియు, అది పండితులకు పండుగయనియు, మందబుద్ధులు దీనియందు నష్టపడినను తనకు చింతలేదనియు గ్రంథాంతమున సగర్వముగా ప్రకటించెను. ఇంచుమించు ఆ మాటలతోనే, ఆలంకారికుడైన భామహుడు, కావ్యములు కూడ శాస్త్రములవలె వ్యాఖ్య లేక బోధపడకపోయినచో అది బుద్ధిమంతులకు మాత్రమే ఉత్సవము కదా, తక్కినవారి గతి ఏమి కావలెనని వ్యథతో పలికెను. వీరిలో ఎవరు ముందువారో పండితులు తేల్చుకొందురుగాక. వేయి సంవత్సరములకు పూర్వమే ఈ రెండు పక్షములును ఇంత స్పష్టముగా ఎదురెదురుగా నిలిచినవనుటయే మనకు ముఖ్యము. నేడు టీ అంగడియొద్ద ఒక యువకుడు, నీకర్థము కాకపోతే చిత్రముది తప్పు కాదని గద్దించినప్పుడు పలుకుచున్నది భట్టియే. నాకర్థము కాకుండ తీసిన చిత్రము ఎవరికొఱకని వేరొకడు ఎదురు ప్రశ్నించినప్పుడు పలుకుచున్నది భామహుడే.

ఆ తరువాతి ఆలంకారికులు ఈ తగవునకు ఒక మార్గము చూపిరి. ఆనందవర్ధనుడు ధ్వనిని కావ్యమునకు ఆత్మగా ప్రతిపాదించి, రసభావతాత్పర్యము లేక కేవలము పదముల పొందికచేతనో అర్థముల వింతచేతనో నిలుచు రచనను చిత్రమని పేర్కొని, అది ముఖ్యమైన కావ్యము కాదనియు, కావ్యమునకు అనుకరణమాత్రమనియు నిర్ణయించెను. మమ్మటుడు కావ్యప్రకాశమునందు ఆ బాటనే నడచి, ధ్వనిప్రధానమైనదానిని ఉత్తమమని, వ్యంగ్యము అప్రధానమైనదానిని మధ్యమమని, చిత్రమును అధమమని మూడు తరగతులుగా విభజించెను. ఇచట వారు ఖండించినది కాఠిన్యమును కాదు. రచనాచమత్కృతి తానే లక్ష్యమై, రసమునకు దాస్యము చేయుట మానిన స్థితిని వారు నిరసించిరి. నేటి వివాదమును కొలుచుటకు ఇంతకంటె నిక్కమైన కొలబద్ద నాకు కానరాలేదు.

తెలుగువారికి ఈ కొలబద్దను ప్రయోగించు అలవాటు కూడ కొత్త కాదు. అవధానసభలలో సమస్యను పూరించిన వెంటనే సభ్యులు చప్పట్లు చరుతురు. కాని ఆ పూరణలలో భావముచేత నిలిచినవానినే ఇంటికి పోయిన పిదపకూడ నెమరువేసికొందురు. పింగళి సూరన పదునాఱవ శతాబ్దిలో రామాయణ భారతకథలను రెంటిని ఒకే పద్యములలో నడపి రాఘవపాండవీయమును రచించెను. ఆయనయే కళాపూర్ణోదయమును రచించి నంద్యాల ప్రభువైన కృష్ణమరాజునకు అంకితమిచ్చెను. నంద్యాల మా ప్రాంతమునకు నల్లమల ఆవలివైపుననే ఉన్నది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడి, తరువాత అది ప్రకాశము జిల్లాయనిపించుకొనకముందు గిద్దలూరు, మార్కాపురములును ఆ నంద్యాలయు ఒకే కర్నూలు జిల్లాలోనివి. ఇట్లు మన పొరుగున అంకితము పుచ్చుకొన్న ఆ కావ్యము, నేటి చిక్కు చిత్రముల నన్నిటిని తలదన్నునంతటి చిక్కుగలది. అందు నిజమైన రంభయెవరో మాయారంభయెవరో తెలియక పాత్రలే కలవరపడును. ఒకరి రూపమును వేరొకరు ధరించి ఎదురుపడుదురు. పసిబిడ్డ తన పూర్వజన్మవృత్తాంతమును చెప్పును. ముందు జరిగినదానికి మూలము చాల తరువాతగాని బయటపడదు. కథలోనివారు తాము కథలోనివారమని తెలిసికొందురు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వ విచారమునందు ఈ కావ్యమును ఆధునిక విమర్శదృష్టితో పరిశీలించి, సూరనయొక్క కథానిర్మాణకౌశలమును ఎత్తిచూపెను. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లు 2002లో దీనిని ఆంగ్లమున వెలువరించుటచేత పరదేశీయులకును ఇది చేరినది. ముడులన్నియు విడిన పిదపకూడ ఈ కావ్యము చదువదగినదై యుండుటకు హేతువేమి? ఆ ముడులు కోరికనుండి పుట్టినవి. ఒకరు వేరొకరి రూపమును ధరించుట ఇచట గారడి కాదు. ప్రేమించినవారికి నచ్చు రూపముకొఱకు తన రూపమును వదలుకొను మనస్సుయొక్క వేదన. చిక్కును రసమును విడదీయుటకు వీలులేని ఇట్టి పొందికయే మనము వెదకుచున్నది.

యోగవాసిష్ఠమునందలి గాధి కథయు స్మరింపదగినది. వాసిష్ఠమును తెనుగున పలికించినవాడు మడికి సింగన. గాధియను బ్రాహ్మణుడు స్నానమునకై నీట మునిగిన క్షణమునందే తాను మరణించి, చండాలుడై పుట్టి, సంసారము చేసి, దైవవశమున ఒక దేశమునకు రాజై, గుట్టు బయటపడి, అగ్నిప్రవేశము చేసినట్లు అనుభవించి కన్నులు తెఱచును. ఇది కలయని మనము ఊరట చెందులోపల, ఒక అతిథి వచ్చి ఆ రాజ్యమున జరిగినదంతయు తాను విన్నట్లు చెప్పును. గాధి స్వయముగా పోయి చూడగా ఆ ఇండ్లు, ఆ మనుష్యులు, ఆ జ్ఞాపకములు అన్నియు నిక్కముగా ఉన్నవి. కలలో కలను చూపు చిత్రములను కనివిని యెరుగని వింతలుగా కొనియాడువారు ఈ కథను ఒక్కమారు చదువవలెను. మన పూర్వులు ముందే అన్నియు కనుగొనిరని డప్పు వేసికొనుటకు నేనిది చెప్పుటలేదు. ఇట్టి కథలయందు మన శ్రోతలకు తరతరముల పరిచయము కలదనియు, అందుచేత వారిని మందబుద్ధులని నిందించుట అన్యాయమనియు చెప్పుటకే ఉదాహరించితిని.

ఇక సినిమాను చూతము. 1950లో అకిరా కురొసావా తీసిన రషోమన్ ఒకే హత్యను నలుగురి నోట నాలుగు విధములుగా చెప్పించి, 1951లో వెనిస్ చిత్రోత్సవమున అగ్రపురస్కారమును పొందినది. 1954లో మదరాసున ఏ.వీ.ఎం. సంస్థకై ఎస్. బాలచందర్ ఒక హత్యను బహుముఖములుగా చూపి, పాటలు లేకుండ అంద నాళ్ అను తమిళచిత్రమును తీసెను. 1961లో అలన్ రెనే తీసిన మారియన్‌బాద్ చిత్రమున జరిగినదేదో ఊహించినదేదో తుదివరకు తేలదు. అదియు వెనిస్‌లో గెలిచినది, నేటికిని ఆ చిత్రమును గూర్చి తగవు తీరలేదు. హిచ్‌కాక్ 1958లో తీసిన వెర్టిగోకు విడుదలనాడు మిశ్రమస్పందన లభించినను, 2012లో ఆంగ్ల విమర్శకుల పత్రికయైన సైట్ అండ్ సౌండ్ జరిపిన అభిప్రాయసేకరణలో అది ప్రథమస్థానమున నిలిచినది. 1968లో కూబ్రిక్ 2001: ఎ స్పేస్ ఒడిస్సీని ప్రదర్శించినప్పుడు ప్రేక్షకులు కొందరు మధ్యలో లేచిపోగా, ఆయన ఇంచుమించు 19 నిమిషముల భాగమును తొలగించెను, కాలక్రమమున అది మహాచిత్రముల వరుసలో చేరినది. తొలిదినపు తీర్పు తుదితీర్పు కాదని ఈ ఉదాహరణములు స్థాపించుచున్నవి. ఐతే వీనినిబట్టి, తొలిదినమున తిరస్కరింపబడిన ప్రతి చిత్రమును మహాచిత్రమేయని వాదించుట తర్కమునకు నిలువదు. కాలము కొన్నిటిని పైకెత్తినది నిజము; మిక్కిలి పెక్కింటిని మఱపున పడవేసినదియు అంతే నిజము.

ఈ తరమున ఈ వివాదమునకు కేంద్రముగా నిలిచినవాడు క్రిస్టఫర్ నోలన్. ఆయన 2000లో తీసిన మెమెంటో, క్రొత్త జ్ఞాపకములను నిలుపుకొనలేని మనుష్యుని కథను వెనుకనుండి ముందునకు నడపినది. ఆ క్రమభంగము అలంకారము కాదు. ప్రతి క్షణమునకు ముందేమి జరిగినదో నాయకునికివలెనే మనకును తెలియకుండుటచేత అతని నిస్సహాయత మనదగుచున్నది. 2010లో వచ్చిన ఇన్సెప్షన్ కలలోపల కలను, దానిలోపల వేరొక కలను నిర్మించి, చివర బొంగరము పడునో పడదో చూపకుండ ముగిసి, లెక్కకు మిక్కిలియైన వ్యాఖ్యలకు తావిచ్చినది. వ్యాఖ్యాతలు పెక్కుమంది ఆ బొంగరమునే పట్టుకొని వేలాడిరి. కాని ఆ చిత్రముయొక్క ప్రాణము, భార్యమరణమునకు తానే కారకుడనను పాపభీతితో బిడ్డల ముఖములను చూడజాలక తపించు తండ్రియందున్నది. ముగింపున అతడు బొంగరమును విడిచి బిడ్డలవైపు పోవుటయే సమాధానము. 2014లో వచ్చిన ఇంటర్‌స్టెల్లార్, తరువాత 2017లో నోబెల్ బహుమానము పొందిన కిప్ థోర్న్ అను భౌతికశాస్త్రవేత్త సలహాతో నిర్మితమైనది. అందలి ఒక గ్రహమున ఒక గంట గడచిన భూమిపై ఏడేండ్లు గడచును. ఆ గ్రహమునుండి మరలి వచ్చిన తండ్రి, తాను లేని ఇరువదిమూడేండ్లలో బిడ్డలు పంపిన సందేశములను వరుసగా చూచుచు విలపించు ఘట్టమున, సాపేక్షసిద్ధాంతము కరుణరసమైనది. పనులకై దూరదేశములకు పోయి, మరలి వచ్చుసరికి బిడ్డలు తమను గుర్తింపనంతగా ఎదిగియుండుటను చూచిన తండ్రులు పశ్చిమ ప్రకాశమున ఊరూర కలరు. వారికి ఆ ఘట్టమును వివరింపవలసిన పని లేదు. పదేండ్ల తరువాత 2025 ఫిబ్రవరిలో ఈ చిత్రమును మన దేశమున మరల విడుదల చేయగా ప్రేక్షకులు విశేషముగా తరలివచ్చిరి. పదేండ్ల నాటి ప్రచారము ఒక్కటే అంతమందిని మరల రప్పింపజాలదు.

ఇట్టి కాలభేదమునకు మన పురాణమునందును పోలిక కలదు. బ్రహ్మలోకమునకు కూతురిని వెంటబెట్టుకొని పోయి, వరుని గూర్చి అడుగుటకు కొంత తడవు నిలిచి, తిరిగి వచ్చుసరికి భూమిపై ఇరువదియేడు మహాయుగములు గడచిపోయినట్లు తెలిసికొన్న కకుద్మి కథ భాగవత నవమస్కంధమున కలదు. ఆ కూతురే బలరాముని పెండ్లాడిన రేవతి. 1957 నాటి మాయాబజార్‌లో శశిరేఖకు తల్లిగా మనము చూచిన రేవతియు ఆమెయే. ఒకే కుటుంబమునందు తండ్రికొక కాలము, లోకమునకొక కాలము నడచుట తెలుగు శ్రోతకు కొఱకరాని కొయ్య కాదు.

అదే నోలన్ 2020లో వెలువరించిన టెనెట్ నాకు వేరు తరగతిలోనిదిగా తోచును. ముందునకు నడచు కాలమును వెనుకకు నడచు కాలమును ఒకే దృశ్యమున ఇరికించిన ఆ నిర్మాణముయొక్క సాహసము కొనియాడదగినదే. మన డింపుల్ కపాడియా నటనయు, బొంబాయి దృశ్యములును ఆసక్తికరములే. కాని సంభాషణలు సంగీతపు హోరులో వినబడకుండ పోయినవన్న ఆక్షేపణ లోకమంతట వినబడినది. అంతకంటె పెద్ద లోపమేమన, ఎవరి దుఃఖమును మనము మోయవలెనో ఆ చిత్రము చెప్పలేకపోయినది. దాని ముడి విప్పినవానికి ముడి విప్పితినన్న తృప్తియే ఫలము. మమ్మటుని భాషలో అది అర్థచిత్రము. ఒకే దర్శకుని చేతినుండి ఉత్తమమును చిత్రమును రెండును వెలువడినవనగా, కీర్తి వ్యక్తికి చెందినను తీర్పు కృతికి చెందవలెనని తెలియుచున్నది.

తెలుగు తెరమీద ఈ త్రోవకు 1991 నాటి ఆదిత్య 369ను మూలస్తంభముగా చెప్పవచ్చును. సింగీతము శ్రీనివాసరావు, హెచ్.జి. వెల్స్ ఊహించిన కాలయంత్రమును తెచ్చి శ్రీకృష్ణదేవరాయల కొలువునకును, రాబోవు శతాబ్దులకును ప్రేక్షకుని నడిపించెను. ఆనాడు దానిని అర్థము కాని చిత్రమని ఎవ్వరును అనలేదు. పల్లెలలోని బాలురుకూడ దాని కథను పూసగ్రుచ్చినట్లు చెప్పగలిగిరి. 2005లో చంద్రశేఖర్ యేలేటి తీసిన అనుకోకుండా ఒక రోజు, తన జీవితమునుండి ఒక దినము మాయమైనట్లు కనుగొన్న యువతి కథను, హంగులు లేక, ముడిని ముడిగానే నిలిపి నడిపినది. అదే సంవత్సరమున ఏ.ఆర్. మురుగదాస్ తమిళమున తీయగా తెనుగునకును వచ్చిన గజిని, మెమెంటోలోని మఱపును గ్రహించి, దాని వెనుకనడకను విడిచి, దినచర్యపుస్తకము ద్వారా ఒక ప్రేమకథను మధ్య నిలిపినది. పండితులు దీనిని మూలమునకు అపచారమనిరి. నాకట్లు తోచదు. చిక్కును తగ్గించి శోకమును పెంచిన ఆ మార్పు, ఏది అంగమో ఏది అంగియో ఎఱిగిన చేతితో చేసినది. ఇటీవలి 2022 నాటి ఒకే ఒక జీవితం అను చిత్రము కాలయానమును, చనిపోయిన తల్లిని మరల చూడగోరు కుమారుని ఆర్తికి సాధనముగా వాడుకొన్నది. యంత్రముయొక్క వివరము స్వల్పము, తల్లియొక్క సన్నిధి అధికము.

ఈ ప్రశ్నకు తెలుగున పరమోదాహరణము మాత్రము 1: నేనొక్కడినే. గణితోపన్యాసకుడుగా నుండి దర్శకుడైన సుకుమార్, మహేశ్ బాబు నాయకుడుగా తీసిన ఈ చిత్రము 2014 జనవరి 10వ తేదీన సంక్రాంతికి విడుదలైనది. తల్లిదండ్రులను చంపినవారిని వెదకుచు, ఏది నిజమో ఏది తన మెదడు కల్పించినదో తెలియని ఒక సంగీతకారుని కథ ఇది. తాను హత్య చేసితినని లొంగిపోయిన నాయకునికి, అచట హతుడెవ్వడును లేడని తెలియు ఘట్టముతో ప్రేక్షకునికిని కాళ్లక్రింది నేల కదలును. అటుపిమ్మట కనబడు ప్రతి మనుష్యుని, ప్రతి శత్రువును మనమును అనుమానింతుము. రత్నవేలు ఛాయాగ్రహణము ఆ అనుమానమునకు రూపమిచ్చినది. కాని పండుగకు తమ నాయకుని పాటలను పోరాటములను చూడవచ్చిన జనులు విముఖులైరి. విడుదలైన కొలది దినములకే నిడివిని తగ్గించిరి. విదేశములలో ఆదరణ లభించినను తెలుగునాట నష్టమే మిగిలినది. సంవత్సరములు గడచినకొలది దూరదర్శనమునందును చరవాణియందును చూచినవారు దానిని కొనియాడసాగిరి. ఇప్పుడది కాలముకంటె ముందు వచ్చిన చిత్రమనుట ఒక నానుడియైనది.

ఈ నానుడిని అట్లే అంగీకరింపజాలను. చిత్రముయొక్క పూర్వార్ధము నిక్కముగా ప్రతిభావంతమైనది. అందు చిక్కు నాయకుని వ్యాధినుండి పుట్టి, అతని ఒంటరితనమును మనకు అంటించును. తల్లిదండ్రుల ముఖములైనను జ్ఞాపకము లేని కుమారుని వెదకులాట, బిడ్డల ముఖములకై తపించు ఇన్సెప్షన్ నాయకుని ఆర్తికి ఏమాత్రము తీసిపోదు. ఐతే ఉత్తరార్ధమున, వరివంగడమును గూర్చిన కుట్ర, పరదేశపు వెన్నాడులాటలు, ప్రతినాయకుల పరంపర ఒకదానిపై నొకటి పేర్చబడి, ఆ వ్యాధి అవసరమైనచోట గుర్తునకు వచ్చి, అవసరము లేనిచోట మఱవబడినది. నాయకుని మనస్సులోనుండవలసిన ముడి వెలుపలి కుట్రలోనికి జారిపోయినది. ఈ చిత్రము ప్రేక్షకులకంటె ముందున్నదనుట అర్ధసత్యము. దాని ఉత్తరార్ధము దాని పూర్వార్ధముకంటె వెనుకబడినదనుట పూర్ణసత్యము. నాడు పొందిన తిరస్కారము దానికి తగినది కాదు. నేడు పొందుచున్న నిరాక్షేపమైన స్తుతియు తగినది కాదు. ఐనను ఒక అగ్రనాయకుని పండుగచిత్రమునందు ఇంతటి సాహసమునకు పూనుకొన్న సుకుమార్‌కు తెలుగు సినిమా ఋణపడియున్నదని మనఃపూర్వకముగా చెప్పుదును.

2018లో ప్రశాంత్ వర్మ తీసిన అ! వేరొక విధమైన పరీక్ష. ఒక భోజనశాలలోనికి వచ్చు వేర్వేరు మనుష్యుల కథలుగా ఆరంభమై, వారందరును ఒక్క యువతి మనస్సులోని భిన్నరూపములేయని తుదిని తెలియు ఈ చిత్రమునకు రూపాలంకరణకును, ప్రత్యేక దృశ్యప్రభావములకును 66వ జాతీయ చలనచిత్ర పురస్కారములు లభించినవి. పొడుపుకథకు విడుపు దొరికినట్లు తోచినను, రెండవమారు చూచినవానికి తుది వెల్లడి ఒక దుఃఖపుమూలమును చూపును: బాల్యమున గాయపడిన మనస్సు తన్ను తాను ముక్కలుగా పంచుకొన్నది. ఆ ముక్కలలో కొన్ని సజీవములు, కొన్ని కేవలము వినోదార్థము చేర్చినవి. గాయమునకు ఇంకను ఎక్కువ తెరకాలమును, వింతలకు తక్కువ తెరకాలమును ఇచ్చియున్నచో అది నిస్సందేహముగా ఉత్తమశ్రేణిలో నిలిచియుండును.

ఇచట సినిమా వర్తకులు తఱచుగా పలుకు మాటయొకటి విచారింపవలసియున్నది. ఊళ్లను ఏ, బీ, సీ సెంటర్లని విభజించి, ఇట్టి చిత్రములు ఏ సెంటర్లకేగాని సీ సెంటర్లకు ఎక్కవని వారు తీర్మానింతురు. వారి లెక్కలో కొమరోలు, కంభము, బేస్తవారిపేటలు ఏ తరగతిలో చేరునో వేరుగ చెప్పనక్కరలేదు. కాని ఈ ఊళ్లలో రాత్రియంతయు తోలుబొమ్మలాటను చూచి, హరికథను విని, బ్రహ్మంగారి తత్త్వములలోని మర్మములను పాడుకొన్న తరములు కలవు. సూతుడు శౌనకునకు, వైశంపాయనుడు జనమేజయునకు, సంజయుడు ధృతరాష్ట్రునకు చెప్పిన కథ ఒకదానిలో ఒకటి ఇమిడియున్న భారతమును అక్షరములు రాని అవ్వలుకూడ తడబడక అనుసరించిరి. విక్రమార్కుడు నోరు తెఱచిన శవము చెట్టెక్కునని, తెఱవకున్న తల పగులునని తెలిసికొన్న చందమామ పాఠకులు ఈ ఊళ్లలోను కలరు. వీరికి చిక్కుకథ కొఱుకుడుపడదనుట చరిత్ర నెఱుగని మాట. వారు తిరస్కరించునది చిక్కును కాదు, ఫలము లేని చిక్కును. బుఱ్ఱకెక్కలేదని వారు పలుకునప్పుడు, తఱచుగా దాని తాత్పర్యము మనసునకెక్కలేదని.

ఇక ప్రచారముమాట. చిత్రమునకు పెట్టిన ధనము మొదటి కొలది దినములలోనే తిరిగి రావలసిన నేటి వర్తకమున, చూచుటకు ముందే ప్రేక్షకునిచేత దానిని మహాద్భుతమనిపించుట అవసరమైనది. అర్థమైనదనుట విద్యావంతునికి ఒక పతకమైనది; చిత్రము ముగియకమునుపే దాని ముగింపును వివరించు యూట్యూబు ప్రసంగములు పుట్టగొడుగులవలె మొలచుచున్నవి; పది పొరలున్నవని ఒకరనిన పన్నెండున్నవని వేరొకరు పందెము వేయుచున్నారు. దర్శకుడు కలలోనైనను తలపని అర్థములు అతనికి అంటగట్టబడుచున్నవి. మితిమీరిన ఈ స్తుతిచేత మొదట నష్టపడునది చిత్రమే. ఆకాశమంత ఆశతో వచ్చినవాడు కొండంత గుణమును చూచికూడ నిరాశ చెందును. మితిమీరిన నిందయు ఇట్టిదే: ఒక్కమారు అర్థము కానిదెల్ల మోసమేయని అలవాటుపడినవాడు, రెండవమారు చూడదగిన ఉత్తమకృతిని పోగొట్టుకొనును.

ఈ సమీక్షనుండి మూడు పరీక్షలు తేలుచున్నవి. కథను సూటిగా, వరుసక్రమమున చెప్పినచో ఏమి నష్టపడునని అడుగుట మొదటిది. ఏమియు నష్టపడనిచో ఆ వక్రత అనావశ్యకము. మెమెంటోను సరిచేసినచో నాయకుని నిస్సహాయత పోవును, కళాపూర్ణోదయమును సరిచేసినచో పూర్వజన్మస్మృతిలోని విస్మయము పోవును. గావున అవి సార్థకములు. రహస్యము తెలిసిన పిదప రెండవమారు చూచినప్పుడు రసము పెరిగినదా తరిగినదాయని చూచుట రెండవది. విడుపు తెలిసిన పొడుపుకథను ఎవ్వరును మరల అడుగరు, కాని వెర్టిగోను, ఇంటర్‌స్టెల్లార్‌ను జనులు మరల మరల చూచుచున్నారు. చిత్రము తాను ఏర్పరచుకొన్న నియమములను తానే పాటించినదాయని పరికించుట మూడవది. నియమమును తనకు వీలైనచోట తప్పించు చిత్రము ప్రేక్షకునితో న్యాయముగా ఆడుటలేదు. మార్కాపురపు పలకరాయి పొరలుపొరలుగా ఉండుటవలన విలువ పొందలేదు. సరియైన చోట ఉలి పెట్టినప్పుడు అక్షరములు దిద్దుకొనుటకు అనువైన పలకగా చీలుటచేత విలువ పొందినది. పొరలుండియు పలక కాని రాయి గుట్టలుగుట్టలుగా గనులచెంత పడియున్నది.

ఈ పరీక్షలచేత చూడగా, చిక్కు చిత్రములు నిజముగా ప్రతిభావంతములా, అతిప్రచారితములా యను ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము దొరకదు. కాని ప్రతి చిత్రమునకును సమాధానము దొరకును. మెమెంటో, ఇంటర్‌స్టెల్లార్, అనుకోకుండా ఒక రోజు ప్రతిభావంతములు. ఇన్సెప్షన్ ప్రతిభావంతమే కాని దానికి లభించిన కీర్తి తప్పుచోట నిలిచినది. టెనెట్ గౌరవింపదగిన చమత్కారము. 1: నేనొక్కడినే సగము ఉత్తమము, సగము సాధారణము. ఈ తీర్పులలో ఎవరికైనను భేదాభిప్రాయమున్నచో అట్లే యుండనిండు; ఆ భేదము చిత్రమును గూర్చి యుండవలెనేగాని చూచినవాని బుద్ధిని గూర్చి యుండరాదు.

అర్థము కాలేదని చెప్పుటకు ప్రేక్షకుడు సిగ్గుపడవలదు. ఆ మాట చెప్పి, ఎక్కడ తప్పిపోతినో ఆ చోటిని చూపినవాడు చిత్రమునకు ఉపకారి. విమర్శకుడు పొరలను లెక్కించుటకంటె, ముడి విడినప్పుడు తనలో కలిగిన మార్పునేదో నిజాయితీతో వ్రాయవలెను. తెలుగు దర్శకుడు ఇంగ్లీషు చిత్రముల యంత్రములను అరువు తెచ్చుకొనుటకు ముందు సూరన కావ్యమును, గాధి కథను, కకుద్మి కథను ఒకమారు తిరగవేయవలెను. అందు చిక్కును రసమునకు పనిచేయించు విద్య సంపూర్ణముగా ఉన్నది. అట్టి చిత్రమును తీసినచో దానిని ఏ సెంటరుకు పంపవలెనో యని వర్తకుడు సందేహింపనక్కరలేదు. కొమరోలు ప్రేక్షకుడు ఏ నగరప్రేక్షకునికిని తీసిపోకుండ దానిని అందుకొనగలడు, తూచగలడు, తనకు దక్కినదేమో తన మాటలలో చెప్పగలడు.